సినిమా బాబు తెచ్చిన గాజులు

భావనపాడులో దాలమ్మ ఇంటి అరుగు. 1969 మాఘమాసం, దీపాలు పెట్టే వేళ. నౌపడ స్టేషన్లో దిగి జట్కా మీద వచ్చిన నరసింగరావు సినిమాలు తీస్తాడు. పాటలూ కత్తియుద్ధాలూ లేనివి, ఉన్నది ఉన్నట్టు చూపిస్తాయని పేరు పడ్డవి.

"పద్దెనిమిదో తారీఖు, నవంబరు, అరవై ఆరు. శుక్రవారం. నేనేం మరిచిపోలేదు దాలమ్మా. ఆ మధ్యాహ్నం మీ ఇంట్లో చోడి అంబలి తాగాను, కాల్చిన నెత్తళ్ళ చేపలు నంజుకుని. అంత రుచి మళ్ళీ ఎక్కడా ఎరగను."

"తారీకు గుర్తే, తిండీ గుర్తే. పెట్టినదాని పేరు సెప్పు సూద్దాం."

"మీ అత్తగారు కదూ... పేరు... నోట్లోనే ఉంది..."

"గురమ్మ. కొడుకు తెప్ప రాలేదని రెండు దినాలై ముద్ద ముట్టలేదు. ఆ గిన్నిలోది దాని వంతు. గుమ్మంలో మనిషి ఆకలి మీదున్నాడని నీకు పోసీసింది."

"అయ్యో, నాకు తెలీదు."

"నువ్వు అడగలేదు గదా. కూకో బాబూ. అక్కడొద్దు, అటు సేపలు ఎండేసినాను, కంపు నీకు పడదు. ఇలా తలుపు పక్కకొచ్చి కూకో."

"కంపు నాకేం కొత్త కాదులే."

"కొత్త కాదంటూనే జేబురుమాలు తీసినావు."

"నీ నోరు అప్పుడు ఇంత ఉండేది కాదు."

"అప్పుడు నా నోటితో నీకు పని లేదు బాబూ. మొహంతోనే పని."

"సరే, సరే. గురమ్మ గారేరీ? ఒకసారి పలకరించి..."

"పడుకుంది. పెద్ద పేనం, ఊరెల్లొచ్చింది. కాళ్ళు పీకుతన్నాయంట. లేపకు."

"వీధంతా ఇలా ఖాళీగా ఉందేం? దారి అడుగుదామంటే ఒక్క మనిషి లేడు."

"పెళ్ళికెల్లినారు. లక్ష్మణమ్మ కూతురిది. ఆ సివరి వీధిలో పందిరి."

"మరి నువ్వు వెళ్ళలేదే?"

"నన్నెవులు పిలుస్తారు? బోసి సేతులు పందిట్లోకి ఎందుకు?"

"అదేమిటి? మీ ఆయన గంగులు తిరిగొచ్చాడని విన్నాను. బతికే ఉన్నాడుగా?"

"ఉన్నాడు. నెల్లిమర్లలో. గోనెల మిల్లులో పని. రెండేళ్ళు దాటిపోనాది ఈ గడప తొక్కి."

"నాకు ఎవరూ చెప్పలేదు."

"అడిగితే గదా సెప్తారు. కార్డు రాసినావు, వస్తన్నానని. మా పోస్టుమేను సదివి ఇనిపించినాడు. 'సామాన్యమైన చిన్న పని' అని రాసినావంట. ఏటా పని?"

"చెప్తాను. ముందు ఒక సంగతి... మీ ఊరికి గాలివాన కబురు ముందే అందేలా చేయిస్తానన్నాను చూడు. చేశారా? నా చిత్రం చూశాకే కదా పైవాళ్ళకి కదలిక వచ్చింది."

"సేసినారు. ఒడ్డుమీద ఇనప స్తంభం పాతినారు. గాలివానొస్తాదంటే దానిమీద జెండా ఎగరేస్తారంట."

"చూశావా మరి!"

"తాడు ఇవ్వలేదు బాబూ. జెండా కూడా ఇవ్వలేదు. పాతినోళ్ళు ఎల్లిపోయినారు. మంచిదే, వలలు ఆరేసుకుంటన్నాం. అంత ఎత్తున బేగి ఆరతాయి."

"ఛీ. ఈ దేశంలో ఏది చూసినా ఇదే. స్తంభం ఒక శాఖది, తాడు ఇంకో శాఖది. పదిహేనేళ్ళుగా ఈ రోత చూస్తున్నాను దాలమ్మా. చల్లని గదుల్లో కూర్చుని సంతకాలు పెట్టేవాళ్ళకి సముద్రం ఎలా ఉంటుందో తెలీదు. వాళ్ళకి చూపిద్దామనే కదా, కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి, ఉద్యోగం వదిలేసి కెమెరా పట్టాను."

"అలాగా. మా ఊరికి ముందు ఏటి తీసినావు?"

"నౌపడ ఉప్పు మడులు. తొమ్మిది నెలలు. ఎండలో ఉప్పు లాగే ఆడవాళ్ళ కాళ్ళు ఎలా పగిలిపోతాయో, పొద్దున్నే ఆ పగుళ్ళలో వాళ్ళు ఏం పూసుకుంటారో, అన్నీ. కూర్మమ్మ అని ఒక ముసలామె, తన నెత్తిమీది గోనె తీసి నా కెమెరా మీద కప్పేది, 'ఎండకి నీ పెట్టె పాడయిపోద్ది బాబూ' అని. నేను తీసినవాటిలో అదే నిజమైన చిత్రం."

"మా ఊరి బొమ్మకొచ్చిన పతకం దానికి రాలేదేటి?"

"పతకమా! పెద్దాయన ఒకడు పది నిమిషాలు చూశాడు. ఆవలించాడు. 'ఇందులో ఎవరూ ఏడవరేమయ్యా?' అన్నాడు. అంతే. ఆ డబ్బా ఇప్పటికీ నా మంచం కింద ఉంది."

"ఓహో. అయితే ఏడుపు ఎతుక్కుంటూ మా ఊరొచ్చినావు."

"అలా అనకు."

"మరెలా అనమంటావు? నువ్వొచ్చిన నాడు ఒడ్డుమీద పదకొండుమంది ఆడోళ్ళం కూకున్నాం. ఒక్కర్తి ఏడవలేదు. నువ్వు అటూ ఇటూ తిరిగినావు, పెట్టె భుజానేసుకుని. మొహం మాడ్సుకుని."

"ఎవరూ ఏడవకపోవడం నాకు వింతగా తోచింది. మూడు తెప్పలు రాలేదు. ఆరుగురు మగవాళ్ళు. ఒక్క కంట్లో నీళ్ళు లేవు."

"తెప్ప కోసం సూస్తన్నప్పుడు ఒడ్డుమీద ఏడవకూడదు బాబూ. ఏడిస్తే గంగమ్మ తల్లి ఇంటాది. 'ఓహో, వీళ్ళు ఒదులుకున్నారు' అని ఉంచీసుకుంటాది. మూడు అమాసలు సూస్తాం. మూడో అమాస దాటినా రాకపోతే అప్పుడు పుట్టింటోళ్ళు గాజులు తెస్తారు. తొడిగి, పగలగొట్టి, బొట్టు తుడుస్తారు. అప్పుడు ఏడుస్తాం. నీకిదంతా ఆ దినమే సెప్పినాను."

"చెప్పావు."

"సెప్పినాను గదా?"

"చెప్పావు అన్నానుగా. ఇప్పుడు అదంతా ఎందుకు? నేను వచ్చిన పని వేరు."

"పని సెప్పు మరి. సాగదీస్తన్నది నువ్వే."

"నా మీద ఒకడు ఫిర్యాదు రాశాడు. నా దగ్గరే పదేళ్ళు కెమెరా పట్టినవాడు. నా కంచంలో తిన్నవాడు. ఆ గాజులు పగలగొట్టుకోవడం నిజంగా జరగలేదనీ, నేనే చేయించాననీ పైవాళ్ళకి ఉత్తరం రాశాడు. వాడి పేరు తలుచుకుంటే వాంతొస్తుంది."

"అబద్దం రాసినాడేటి?"

"విషయం అది కాదు."

"మరేటి విషయం?"

"వాడికి నా మీద అసూయ. అది విషయం. పతకం నాకొచ్చింది, వాడికి రాలేదు. ఇప్పుడు విచారణ అంటున్నారు. తేలితే పతకం వెనక్కి ఇమ్మంటారు. కరువు మీద పెద్ద చిత్రం ఇస్తామన్నారు, అదీ పోతుంది. ఇంతేనా? ఇంతకు ముందు తీసినవన్నీ కట్టుకథలే అంటారు. కూర్మమ్మ కాళ్ళు కూడా అబద్ధమే అంటారు. నా బతుకంతా అబద్ధమైపోతుంది దాలమ్మా."

"దానికి నానేటి సెయ్యాల?"

"ఒక కాగితం తెచ్చాను. నువ్వు వేలిముద్ర వేస్తే చాలు. జరిగింది దానంతట అదే జరిగిందని."

"అంతేనా?"

"అంతే. సిరా కూడా తెచ్చాను."

"మంచి పని. నాకూ నీతో ఒక పనుంది బాబూ. నాదీ సిన్నదే."

"చెప్పు."

"రేపు పొద్దుటి బండికి నాతో నెల్లిమర్ల రా. నా మొగుడితో ఒక్క మాట సెప్పు. 'గంగులూ, అది నిన్ను ఒదులుకోలేదు, నానే అలా సెయ్యమన్నాను' అని. ఏరే ఎవులికీ సెప్పొద్దు. నా మొగుడికి."

"అది..."

"ఏటి అది?"

"అది కుదరదు దాలమ్మా."

"ఎందుకు కుదరదు? నోరు లేదా?"

"గంగులుతో చెప్తే మిల్లుకి తెలుస్తుంది. మిల్లుకి తెలిస్తే విజయనగరానికి తెలుస్తుంది. విజయనగరంలో పేపరువాళ్ళున్నారు. ఒకడికి చెప్పిన నిజం ఒకడి దగ్గర ఆగదు. నువ్వే చెప్పుకోవచ్చుగా అతనితో."

"సెప్పలేదనుకున్నావేటి? తెప్ప పోయిన ఇరవయ్యో నాడు ఇంటికొచ్చినాడు బాబూ. ఒరిస్సా పడవోళ్ళు ఎత్తుకుని గోపాలపురంలో దింపినారంట. ఆడనుంచి నడిసొచ్చినాడు. గెడ్డం పెరిగిపోయి, పెదాలు పగిలిపోయి. మా అత్త హారతి కలుపుతాంది. నాను ఎదురెల్లినాను. ఆడు నా మొహం సూళ్ళేదు. సేతులు సూసినాడు. 'ఎన్నాళ్ళయింది?' అన్నాడు. నాను సెప్పీలోగానే పక్కనున్న ఆడోళ్ళు సెప్పీసినారు, మూడో నాడే అని. నీళ్ళు కూడా తాగలేదు. అలాగే ఎల్లిపోయినాడు, నౌపడ బండికి."

"తరవాత చెప్పలేదా? కబురు పంపొచ్చు కదా?"

"నాలుగు మాట్లు పంపినాను. 'సినిమా బాబు సెయ్యమంటే సేసినాను' అని. 'ఎవుడో సెప్తే మొగుడు బతికుండగా గాజులు పగలగొట్టుకుంటాదా?' అన్నాడంట. పోనీ కాలం గడిస్తే మెత్తబడతాడనుకుంటే, నీ బొమ్మ వచ్చిపడింది. విజయనగరంలో, అసలు సినిమాకి ముందు. అందులో ఏటన్నావు నువ్వు?"

"నేనేమన్నాను?"

"నీ గొంతే గదా అది? మిల్లోళ్ళంతా అప్పజెప్తారు. 'మూడవ నాటికి ఆమె ఆశ వదులుకున్నది' అని. నీ గొంతు నమ్మినాడు బాబూ ఆడు. నన్ను నమ్మలేదు."

"అది వ్యాఖ్యానం."

"ఏటీ?"

"బొమ్మ వెనకాల చెప్పే మాట. చూసేవాళ్ళకి అర్థం కావాలి కదా."

"అయింది. బాగా అర్తమయింది అందరికీ. వేటకెల్లేవోడు పొద్దున్న నన్ను సూస్తే ఎనక్కెల్లి కాళ్ళు కడుక్కుని మల్లీ వస్తన్నాడు."

"దాలమ్మా, ఏ కాలంలో ఉన్నారు మీరు? మొగుడు బతికున్నాడు, ఇంకో జత గాజులు కొనుక్కుని వేసుకుంటే పోలేదా?"

"అవి ఏరే గాజులైతే ఏసుకుందును. పుట్టింటి గాజులు అవి."

"పుట్టింటి గాజులేమిటి? నేను తెచ్చినవి కదా!"

"అదే. నాకు అన్నదమ్ముల్లేరని నువ్వు అడిగి తెలుసుకున్నావు. 'నేను లేనా, నీ అన్నలాంటివాణ్ణి' అన్నావు. పదిమంది ఆడోళ్ళ ముందు. మర్నాడు గాజులు నీ సేత్తో తెచ్చి నా సేతిలో ఎట్టినావు. అన్న తెచ్చిన గాజులు పగిల్తే మాలో మొగుడి దినం అయిపోయినట్టే. ఇంక అమాసలు లేవు, సూడ్డం లేదు. నాకు తెలుసు ఆ సంగతి. ఆడోళ్ళందరికీ తెలుసు. ఎవులూ నోరెత్తలేదు, ఎందుకో తెలుసా?"

"ఎందుకు?"

"ఢిల్లీ దాకా తీసుకెల్తానన్నావు మా గోడు. పడవలేసి ఎతికిస్తారన్నావు. ఆరుగురు మగోళ్ళకోసం ఒకదాని గాజులు పోతే పోనీ అనుకున్నారు. నానూ అలాగే అనుకున్నాను. నీళ్ళు తాగు. ఆ సెంబులోవి మంచినీళ్ళే."

"నువ్వు నన్ను తిట్టు దాలమ్మా. తిట్టినా బాగుంటుంది."

"తిట్టడానికి నువ్వు నాకేటవుతావు? నెల్లిమర్ల రానంటే రానంటావు, అంతేనా?"

"రాలేను."

"కాళ్ళట్టుకుంటే?"

"వద్దు. వద్దు, లే. నన్ను ఇంకా కిందికి దించకు. ఆ పని తప్ప ఇంకేదైనా అడుగు."

"సరే. పోనీలే. ఆ కాగితం సదువు. ఏలు ఏసీముందు ఏటుందో తెలియాల గదా."

"'భావనపాడు గ్రామ కాపురస్థురాలు దాలమ్మ అను నేను వ్రాయించి ఇచ్చిన వాఙ్మూలము. నా భర్త సముద్రముపై గల్లంతైన సందర్భమున, నేను దుఃఖము పట్టజాలక, ఎవరి ప్రోద్బలమూ, బలవంతమూ లేకుండా, నా అంతట నేనే గాజులు పగులగొట్టుకొని...'"

"పోదబలం అంటే?"

"ఎవరూ చెయ్యమనకుండా అని."

"ఇది నిజమేటి?"

"దాలమ్మా..."

"సరే, ఏస్తాను. కానీ నాకూ ఒకటి కావాల. అబద్దం మీద ఏలు ఏస్తన్నప్పుడు నిజం ఏటో నీ నోటెంట ఒక్కపాలి ఇనాలి. రెండేళ్ళయింది బాబూ. అందరూ అలా అంటంటే నాకే అనుమానం వచ్చీసింది, నానే సేసినానేమోనని. ఊరోళ్ళెవులూ లేరు, సూసినావు గదా. జట్కావోడు ఆ సివర బీడీ తాగతన్నాడు. సెప్పు."

"చెప్తే వేస్తావా?"

"ఏస్తాను. గంగమ్మ తోడు."

"అప్పటి పరిస్థితుల్లో... సన్నివేశాన్ని సమర్థంగా చూపించడానికి... కొన్ని దృశ్యాలు పునర్నిర్మించుకోవలసి..."

"నాకు తెలిసే మాటల్లో సెప్పు. వల ఏసినోడు వల ఏసినానంటాడు."

"నేనే అడిగాను."

"ఏటడిగినావు?"

"గాజులు పగలగొట్టుకోమని. బొట్టు తుడుచుకోమని. సరేనా?"

"నానేటన్నాను?"

"వద్దన్నావు. గంగులు వస్తాడన్నావు. అమావాస్య దాకా చూడాలన్నావు. నేను... నేను ఊరికే చేసి చూపించు చాలన్నాను. అది లెక్కలోకి రాదన్నాను. కెమెరా కోసమే కదా అన్నాను. ఇవ్వు, వేలు ఇవ్వు ఇంక."

"ఉండు బాబూ. సముద్రం హోరులో సగం ఇనబళ్ళేదు. ఇటు తిరిగి, ఇంకొంచెం గట్టిగా, మొదట్నుంచి మల్లీ సెప్పు."

"మళ్ళీనా? ఏమిటి, నా చేత రెండోసారి తీయిస్తున్నావా?"

"నా సేత మూడుపాల్లు సేయించినావు. మొదటిపాలి మబ్బడ్డదన్నావు. రెండోపాలి నీ డబ్బాలో రీలు అయిపోనాదన్నావు. పూండి పంపించి ఇంకో డజను తెప్పించినావు, పచ్చవి. నాకు మూడయితే నీకు రెండు ఎక్కువా?"

"మూడు డజన్లు! ఛీ, ఛీ! అసలు నేనేం మనిషినో! విను. గట్టిగానే చెప్తాను. నానే తెచ్చాను గాజులు. ఎర్రవి, పచ్చవి, అన్నీ నానే కొన్నాను. వద్దు బాబూ, నా మొగుడొస్తాడు అని నువ్వు ఏడుపు మొహం పెట్టినావు. అయినా నానే పట్టుబట్టినాను. రాయి కూడా నానే సూపించినాను, దేనిమీద కొట్టాలో. ఆశ ఒదులుకుందన్నది నా మాట. నీ మాట కాదు. నువ్వు ఒదల్లేదు. సాలా? సాలా ఇంక? ఏటి కావాలి నీకు?"

"సాలు బాబూ. కోపమొస్తే మన బాసొచ్చీసింది నీకు. అలాగే మాటాడు, బాగున్నాది."

"నవ్వకు. నా ఒళ్ళు నాకే కంపు కొడుతోంది. ఎండు చేపలు నయం."

"ఇదిగో ఏలు. ఎక్కడెయ్యాల?"

"నిజంగా వేస్తావా?"

"ఏస్తానన్నాను గదా. ఇక్కడేనా?"

"ఇక్కడ. నొక్కు. ఆఁ. చాలు."

"సేప పొలుసు అంటుకున్నాది కాగితానికి. తుడుసుకో, పెద్దోళ్ళకి సూపించేది."

"ఎందుకు వేశావు దాలమ్మా? నేను నీ పని చెయ్యనన్నాను. నువ్వు నా పని ఎందుకు చేశావు?"

"ఆ ముసల్దానికోసరం. గోనె తీసి నీ పెట్టె మీద కప్పిందన్నావే, దాని కాళ్ళు అబద్దం అయిపోకూడదు గదా."

"నువ్వు నా చెల్లెలివి. నిజంగా అంటున్నాను, నేను నీకు అన్న..."

"ఆ మాట ఇంకోపాలి అన్నావంటే మొహాన ఉమ్మీస్తాను. లే. జట్కావోడు పిలుస్తన్నాడు."

"వెళ్తాను. ఎప్పుడైనా వీలు చూసుకుని గంగులుకి ఒక ఉత్తరం..."

"రాయవు. ఎల్లు బాబూ. సీకటి ముదరకముందు ఉప్పు మడులు దాటీండి, గట్టు ఇరుగ్గా ఉంటాది. ఆ సెంబులో నీళ్ళు మిగిల్తే తాగీసెల్లు. దార్లో ఎక్కడా తీపినీళ్ళు దొరకవు."

"వస్తాను."

"రాకు. ఎల్తానని సెప్పు, సాలు."

"...వెళ్తాను."

"జట్కా మలుపు తిరిగీసింది. ఇంక ఇవతలకి రా గంగులూ. తలుపెనకాల నిలబడి నిలబడి కాళ్ళు పీకీసుంటాయి."

"అమ్మ కాలు మీద కాలేసి తొక్కీసినాను సీకట్లో. లెగలేదు."

"నెల్లిమర్ల ఎల్లి నిన్ను లాక్కొచ్చింది గదా, ఒళ్ళు తెలీకుండా పడుంది. ఇన్నావా?"

"రెండుపాల్లూ ఇన్నాను."

"ఆడే తెచ్చినాడు. ఆడే కొట్టమన్నాడు. ఇన్నావు గదా, నానొద్దన్నానని."

"ఇన్నాను. ఆడి గొంతే. హాల్లో ఇన్న గొంతే అది."

"మరేటి, అలా గుమ్మంలోనే నిలబడిపోయినావు?"

"ఒకటడుగుతాను. గాజులు ఆడు తెచ్చినాడు, సరే. కొట్టమన్నాడు, సరే. బొమ్మలో నువ్వు ఏడుస్తావు సూడు దాలీ, ఇసక మీద పడిపోయి. ఆ ఏడుపూ ఆడు ఏడమంటేనే ఏడిసినావా?"

"...ఏడమన్నాడు."

"అది కాదు నానడిగింది. సెప్తే వచ్చిన ఏడుపో కాదో నాకు తెలీదేటి? నాను ఆ బొమ్మ ఆరుపాల్లు సూసినాను."

"ఆరుపాల్లా?"

"ఆదోరం ఆదోరం ఎల్లీవోణ్ణి, ఆడించినన్నాళ్ళూ. నీ బొమ్మ అయిపోగానే లేసి వచ్చీసేవోణ్ణి. అసలు సినిమా ఏటో ఇప్పటికీ తెలీదు. సెప్పు. అబద్దం సెప్పకు."

"అబద్దం సెప్పను. మొదట రెండుపాల్లూ నువ్వొస్తావనే అనుకున్నాను. కంట్లో తడి రాలేదు, ఆ బాబు ఇసుక్కున్నాడు. మూడోపాలి... ఆ పచ్చ గాజులు పగిలినప్పుడు... నువ్వింక రావనిపించింది. ఒక్క గడియ. గంగమ్మ తోడు, ఒక్క గడియే. ఆడు సెప్పినా రాలేదు ఆ ఏడుపు. దానంతటదే వచ్చీసింది. సూడు, సెప్పకుండా ఉంటే అయిపోను. నోరు ఊరుకోలేదు. ఇంక నీ ఇట్టం. ఎల్తావా? రేత్రి బండి ఉంది."

"ఎర్రిదానా, ఆ గడియ కోసరమే గదే ఆదోరం ఆదోరం ఎల్లీవోణ్ణి. నాను పోయినాననుకుని అలా ఏడిసిన మనిషి ఈ బూమ్మీద ఒక్కర్తుందని సూసుకుందామనే. అది అబద్దమేమోనని బయమేసి రాలేదు. జరుగు, తలుపు నానేస్తాను. మెల్లగా... అమ్మ లెగుస్తాది."